నడిమి గుట్ట

జయన్న సారు మా కాలేజీలో జియాలజీ చెప్పేవారు. ఆదోనిలో ఆ మాట పలికేవాళ్ళు తక్కువ. పత్తి మార్కెట్టు దగ్గర ఎవరినైనా ఆయన ఇల్లు ఎక్కడని అడిగితే "రాళ్ళ సారుదా?" అని దారి చూపించేవారు.

ఆయన సొంతూరు దేవనకొండ పక్కన చిన్న పల్లె. తల్లి రామక్క రోడ్డు పనుల్లో కంకర కొట్టేది. బడి సెలవుల్లో ఆయన కూడా ఆమె పక్కన కూర్చుని చిన్న సుత్తితో కొట్టేవారు. ఒకే బండి మీద వచ్చిన రాళ్ళలో ఒకటి ఒక్క దెబ్బకు పగిలేది, ఇంకొకటి పది దెబ్బలకూ పగిలేది కాదు. ఎందుకని తల్లిని అడిగితే "రాయికి గుణముంటాది నాయనా" అనేదట. ఆ జవాబు చాలక ఈ చదువు చదివానని మాకు మొదటి రోజు క్లాసులోనే చెప్పారు.

పి.హెచ్.డి. మొదలుపెట్టేసరికి ఆయనకు నలభై నిండాయి. వారమంతా కాలేజీ, ఆదివారాలూ సెలవులూ పరిశోధన. హొళగుంద అవతల ఒక పాత గ్రానైటు క్వారీలో ఆయన రాళ్ళు ఏరేవారు. క్వారీ పక్క చేను సిద్దప్ప అనే రైతుది. సారు రాయి పగలగొట్టి సంచిలో వేసుకుంటుంటే సిద్దప్ప వచ్చి, "ఏన్ సార్, దీంట్లో ఏముండాదని?" అని అడిగాడట.

"వయసుండాదప్పా."

"రాయి వయసు తెలుసుకోని ఏం సేస్తావు?"

సిద్దప్ప జవాబు కోసం ఆగలేదు. సంచికి ఒకవైపు చెయ్యి వేసి రోడ్డు దాకా మోసిపెట్టాడు. ఆ రాళ్ళ సంచికి బస్సులో కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టిన సంగతి మా కాలేజీలో ప్రతి బ్యాచ్‌కూ తెలుసు.

ఆ రాళ్ళతో ఆయన చేసిన పని ఇది. గ్రానైటులో జిర్కాన్ అనే స్ఫటికాలు బొంబాయి రవ్వ కంటే సన్నగా ఉంటాయి. రాయిని పొడిచేసి, బియ్యంలో రాళ్ళు గాలించినట్టు నీళ్ళలో గాలించి, వాటిని విడదీయాలి. జిర్కాన్ పుట్టేటప్పుడు తనలోకి కొంచెం యురేనియం తీసుకుంటుంది. సీసాన్ని మాత్రం దాదాపు రానివ్వదు. లోపలి యురేనియం ఏళ్ళు గడిచేకొద్దీ ఒకే లెక్కన సీసంగా మారుతూ పోతుంది. కాబట్టి రెండూ ఎంతెంత ఉన్నాయో కొలిస్తే ఆ గింజ పుట్టి ఎంతకాలమైందో తెలుస్తుంది. అయితే ఒక గింజ వయసు చాలదు. వంద గింజలైనా కొలవాలి. గ్రాఫు కాగితం మీద అడుగున వయసులు రాసుకుని, ఏ వయసుకు ఎన్ని గింజలు వచ్చాయో పైకి గీస్తే, గీత కొన్నిచోట్ల లేస్తుంది. సారు దాన్ని గుట్ట అనేవారు. గుట్ట లేచిందంటే ఆ కాలంలో రాయి కరిగి గడ్డకట్టి కొత్త స్ఫటికాలు గుంపుగా పుట్టాయని అర్థం.

హొళగుంద రాయిలో ఆయన నూట పద్నాలుగు గింజలు కొలిపించారు. పెద్ద గుట్ట రెండు వందల యాభై మూడు కోట్ల ఏళ్ళ దగ్గర లేచింది. రెండోది రెండు వందల డెబ్భై ఒక్క కోట్ల దగ్గర. ఈ రెండూ చుట్టుపక్కల రాళ్ళలో ఇదివరకే తెలిసినవే. ఈ రెండింటి నడుమ, రెండు వందల అరవై రెండు కోట్ల దగ్గర, పదకొండు గింజలతో ఒక చిన్న గుట్ట వచ్చింది. అది ఎవరూ చూడనిది. ఆ కాలంలో ఈ నేల అడుగున మరొకసారి రాయి కరిగిందని ఆయన రాశారు. దాని మీదే పట్టా వచ్చింది. 2014లో ఒక విదేశీ పత్రికలో వ్యాసం వచ్చింది. మొదటి పేజీని కాలేజీ వాళ్ళు అద్దం కట్టించి ఆఫీసు ముందు వరండాలో తగిలించారు. అప్పుడు నేను ఫైనలియర్. మా క్లాసు పిల్లలం ఒక్కొక్కరమే వెళ్ళి ఆ పేజీ ముందు నిలబడి చూసొచ్చాం. అందులో హొళగుంద అన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది.

నా పేరు సుమతి. మాది ఎమ్మిగనూరు. మా నాన్న శంకరన్న మగ్గం నేస్తాడు. డిగ్రీ అయ్యాక నన్ను ఇంకా చదివించే ఉద్దేశం ఆయనకు లేదు. ఒకరోజు సారు మా ఇంటికి వచ్చి, నాన్న మగ్గం గుంటలో పని చేస్తుంటే పక్కనే నేల మీద కూర్చున్నారు. చాలాసేపు నేత గురించే అడిగారు. లేచేటప్పుడు మాత్రం, "అన్నా, పాపకు మంచి కండ్లుండాయి. సన్నవి చూసే పని యాడైనా చేస్తాది. తిరుపతికి పంపించు," అన్నారు. జూన్‌లో మా నాన్న నన్ను తిరుపతి బస్సెక్కించాడు.

ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాదులో ఒక ల్యాబులో చేరాను. సారు తన గింజలు కొలిపించుకున్న ల్యాబు అదే. గింజలను రూపాయి బిళ్ళంత గుండ్రటి జిగురు అచ్చులో పోసి, పైన నున్నగా సానపట్టి, లేజరుతో ఒక్కో గింజ మీద సన్నటి గుంట పడేలా కొట్టి, లేచిన పొగను యంత్రంలోకి పంపి కొలుస్తాం. నా పని ఆ బిళ్ళలు తయారుచేయడం, గింజలకు ఫొటోలు తీయడం. 2022 చివర్లో మాకు కొత్త కెమెరా వచ్చింది. గింజ లోపలి పొరలు అందులో వెలుగూ నీడలుగా విడివిడిగా కనిపిస్తాయి. సారు వచ్చిన రోజుల్లో అది లేదు. అప్పుడు పైన నున్నగా కనిపించిన గింజనల్లా కొట్టేవారు.

కెమెరా సరిచూసుకోవడానికి పాత బిళ్ళలు ఏవైనా వాడుకోమన్నారు. సొరుగులో వెతుకుతుంటే సారు చేతిరాతతో హొళగుంద అని రాసిన చీటీ దొరికింది. సంతోషంతోనే తీశాను. ముందు నడిమి గుట్ట గింజలు పదకొండూ చూద్దామనుకున్నాను. వాటి నంబర్లు వ్యాసం చివరి పట్టికలో ఉన్నాయి.

మొదటి గింజలో లోపల ఒక నల్లటి పాత గింజ, దాని చుట్టూ తెల్లటి కొత్త పొర కనిపించాయి. పాత రాయి కరిగినప్పుడు జిర్కాన్ పూర్తిగా కరగదు. మిగిలిన ముక్క చుట్టూ కొత్త పొర పేరుకుంటుంది. అందులో వింత లేదు. అయితే లేజరు గుంట సగం నలుపు మీద, సగం తెలుపు మీద పడి ఉంది. రెండో గింజలోనూ అంతే. మూడోదాంట్లో గుంట అంచు మాత్రం తెలుపును తాకింది. పదకొండు గింజల్లోనూ గుంట హద్దు మీదే ఉంది. పాతదీ కొత్తదీ కలిసిన పొగను కొలిచి యంత్రం నడుమ ఒక వయసు చెప్పింది. ఆ వయసులో ఏ గింజా పుట్టలేదు. నడిమి గుట్ట లేదు.

నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఫొటోలు నా కంప్యూటరులో దాచాను. సారు ఉగాదికి ఫోను చేసి "ఏమ్మా, పని ఎట్లుండాది?" అంటే బాగుందని పెట్టేశాను. వ్యాసాన్ని అప్పటికి మరో ముగ్గురు తమ వ్యాసాల్లో ఉటంకించారు. ఒకాయన ఆ నడిమి గుట్టను ఆధారం చేసుకుని బళ్ళారి నుంచి కర్నూలు దాకా పటమే గీశాడు. అది చూశాక ఇంక ఆగలేకపోయాను.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున ఆదోని వెళ్ళాను. సారు భార్య శ్రీశైలమ్మ ఉగ్గాని చేసి పెట్టింది. తిన్నాక, "సార్, మీ బిళ్ళకు ఫొటోలు తీసినాను," అన్నాను. ఆయన ముఖం వెలిగింది. కండ్లద్దాలు తుడుచుకుని దగ్గరికి జరిగారు.

నేనేమీ వివరించలేదు. ఒక్కో ఫొటో ఆయనే ముందుకు జరుపుతూ చూశారు. నాలుగో ఫొటో దగ్గర చెయ్యి ఆగింది. తర్వాత మళ్ళీ జరిపారు. పదకొండూ అయ్యాక కండ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"ఎప్పుడు చూసినావు?"

"జనవరిలో సార్."

"నాలుగు నెలలు మోసినావా?" అని, "ఇవి పదకొండే. తక్కిన ఆరు చూసినావా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. పట్టికలో పదకొండే ఉన్నాయి.

ఆయన లోపలికి వెళ్ళి గుడ్డ బైండు వేసిన నోటుపుస్తకం తెచ్చారు. కొలిచిన రోజు వరసగా రాసుకున్న లెక్కలు. అందులో గింజలు నూట పద్నాలుగు కావు, నూట ఇరవై. రెండు పెద్ద గుట్టల నడుమ పదిహేడు గింజలున్నాయి. రెండు వందల యాభై ఏడు కోట్ల నుంచి రెండు వందల అరవై ఎనిమిది దాకా చెదురుమదురుగా ఉన్నాయి. ఆరింటి పక్కన ఎర్ర పెన్నుతో గీత ఉంది.

"పదిహేడూ వేసి గీస్తే గుట్ట రాలేదమ్మా. చదునుగా ఉండె. అటు మూడు, ఇటు మూడు తీసేస్తే నడుమ పదకొండు గుంపయినాయి. గైడు సారు అన్నాడు, అవి చెడిపోయిన గింజలు, తీసెయ్ అని. చెడిపోయినాయని రుజువు నా దగ్గర లేదు. తీసేసింది నేను."

శ్రీశైలమ్మ వంటగది గడప దగ్గర నిలబడి వింటోంది. "అది ఆ రెండు దినాల లెక్కేనా?" అని అడిగింది.

సారు తల ఊపారు.

నాకు అప్పుడు చెప్పింది శ్రీశైలమ్మే. ఆ ల్యాబులో సారుకు యంత్రం దొరికింది రెండు రోజులు. వరస కోసం ఏడాదిన్నర ఎదురుచూశారు. సరిగ్గా ఆ వారంలోనే ఊళ్ళో రామక్కకు జబ్బు ముదిరింది. హైదరాబాదు పోవాలా వద్దా అని ఆయన తల్లినే అడిగారు. "పో నాయనా, నేనేం యాడికీ పోను," అందట ఆమె. రెండో రోజు మధ్యాహ్నం, కొలత ఇంకా నడుస్తుండగా, ఊరి నుంచి ఫోను వచ్చింది. ఆయన చేరేసరికి అన్నీ అయిపోయి దహనానికి ఎత్తబోతున్నారు.

"వారం తిరగకముందే గ్రాఫు గీయను కూర్చుండినాను," అన్నారు సారు. "ఆ రెండు దినాలకు ఏదో ఒకటి రావాలని ఉండె నాకు. అంతే. నేను చూడలేదని కాదు. చదునుగా ఉండేది చూసినాను. చూసి తీసేసినాను."

శ్రీశైలమ్మ వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు సెప్తే డాక్టరు పట్టా పోతాదా?"

"తెలీదు."

"ఎవురైనా అడిగినారా?"

"లేదు."

ఆమె ప్లేట్లు తీసుకుని లోపలికి వెళ్తూ, "మీ ఇష్టం. అత్త పేరు మొదటి పేజీలో రాసుకున్యారు గదా, అది ఒకటి ఆలోచన చేసుకోండి," అంది. థీసిస్‌ను ఆయన తల్లికి అంకితమిచ్చారు. దాన్ని నిలబెట్టుకోమని ఆమె అన్నదో, సరిదిద్దమని అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన మాత్రం ఆ సాయంత్రమే గైడుకు ఫోను చేసి నా ఫొటోల సంగతి చెప్పారు. నేను అక్కడే ఉన్నాను.

గైడు రిటైరై చాలా ఏళ్ళయింది. గొంతు బయటికి వినిపించింది. "జయన్నా, తొమ్మిదేండ్లయింది. ఇప్పుడెందుకు తవ్వుతావు?"

"పొరపాటు కనపడింది సార్."

"ఆ పాప ఇంకెవరికైనా చెప్పిందా?"

"నాకు చెప్పింది సార్."

"నా పేరు తీసేసి నీ ఇష్టమొచ్చింది రాసుకో," అని గైడు ఫోను పెట్టేశారు. ఆ రోజు నుంచి ఆయన సారుతో మాట్లాడలేదు. సారు మాత్రం ఏటా గురుపూజ దినానికి ఫోను చేస్తారు. మోగి మోగి ఆగిపోతుంది.

రాసేముందు మళ్ళీ కొలవాలని సారు పట్టుబట్టారు. మా ల్యాబు పెద్దకు సంగతంతా చెప్పి అడిగితే ఒక మధ్యాహ్నం యంత్రం ఇచ్చారు. సారు హైదరాబాదు వచ్చారు. ఈసారి ఫొటో ముందు పెట్టుకుని, పదిహేడు గింజల్లోనూ లోపలి నలుపు మీద ఒక దెబ్బ, బయటి తెలుపు మీద ఒక దెబ్బ వేరువేరుగా కొట్టాం. కొన్నింట్లో పొర మరీ పలుచగా ఉండి చోటు చాలలేదు. వాటిని కొలవలేకపోయామని రాసుకున్నాం. అంకెలు తెర మీద ఒక్కొక్కటే వచ్చాయి. నలుపుది రెండు వందల డెబ్భై ఒకటి. తెలుపుది రెండు వందల యాభై మూడు. మళ్ళీ డెబ్భై. మళ్ళీ యాభై మూడు. నడుమ ఒక్కటీ రాలేదు. సారు ప్రతి అంకెనూ చేత్తో నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఎర్ర పెన్ను తేలేదు.

మధ్యలో ఒకసారి కుర్చీలో వెనక్కి వాలి యంత్రాన్ని చూశారు. "అప్పుడు ఫోను వచ్చినప్పుడు నేను ఈ కుర్చీలోనే ఉండినాను," అన్నారు. నేను బయటికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

పత్రికకు ఆయన రాసిన ఉత్తరం ఒకటిన్నర పేజీ. గుంటలు హద్దుల మీద పడ్డాయని మాత్రమే రాస్తే సరిపోయేది. ఆ రోజుల్లో ఫొటోలు తీసే వీలు లేదు కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. నేను ఆ మాటే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆరు గింజలను ఏ ఆధారమూ లేకుండా తీసేశాననీ, అవి ఉంచి ఉంటే గుట్ట వచ్చేది కాదనీ రెండో వాక్యంలోనే రాశారు. వాటి అంకెలన్నీ పట్టికగా ఇచ్చారు. కింద నా పేరు ముందు రాసి తన పేరు తర్వాత రాశారు. నేను వద్దన్నాను. "చూసింది నువ్వు," అన్నారు.

2024 మార్చిలో అది అచ్చయింది. పటం గీసినాయన విదేశం నుంచి రెండు పంక్తుల జవాబు రాశాడు. తన పటం సవరించుకుంటానన్నాడు, కృతజ్ఞతలన్నాడు. కోపం ఉందో లేదో ఆ రెండు పంక్తుల్లో తెలియలేదు. విశ్వవిద్యాలయం ఎనిమిది నెలల తర్వాత, పట్టాకు ఇబ్బంది లేదని ఉత్తరం పంపింది. సారు సవరణ ప్రతిని థీసిస్‌లో కలిపి లైబ్రరీలో పెట్టమని అడిగారు. దానికి ఇంతవరకూ జవాబు రాలేదు.

కాలేజీలో వరండా గోడ మీది పేజీ పక్కనే ఈ కొత్త పేజీ కూడా తగిలించమని ప్రిన్సిపాల్ శ్రీనివాసులు గారిని అడిగారు. ఆయన మంచివాడే. "ఎందుకు సార్, పిల్లలు ఏమనుకుంటారు?" అని నసిగారు. దసరా సెలవుల్లో సున్నం వేయడానికని గోడ మీది పటాలన్నీ దించారు. మిగతావన్నీ తిరిగి ఎక్కాయి. సారు పేజీ మాత్రం ఎక్కలేదు. స్టాఫు రూములో ఇద్దరు ముగ్గురు కొన్నాళ్ళు ఆయనను "డాక్టరు గారూ" అని కొంచెం ఒత్తి పిలిచారు. తర్వాత అదీ మానేశారు. ఆయన కొంచెం సన్నబడ్డారు. ఆదివారాలు ఇంట్లోనే ఉంటున్నారని, మాటలు మాత్రం తగ్గాయని శ్రీశైలమ్మ ఫోనులో చెప్పింది.

మొన్న సెప్టెంబరులో పిల్లలకు మా ల్యాబు గురించి చెప్పమని సారు నన్ను పిలిచారు. నా మాటలు అయ్యాక తన క్లాసు మొదలుపెట్టారు, నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ముప్పై మంది దాకా ఉన్నారు, చాలామంది ఆడపిల్లలే. అందరికీ గ్రాఫు కాగితాలు పంచి, నూట ఇరవై అంకెల కాగితం ఇచ్చారు. హొళగుంద గింజలు. మొదట ఐదేసి కోట్లకు ఒక గడి చొప్పున గీయమన్నారు, తర్వాత ఒక్కో కోటికి ఒక గడి. గడి వెడల్పు మారితే గుట్టల ఆకారం ఎంత మారుతుందో వాళ్ళే చూసుకున్నారు.

చిప్పగిరి నుంచి వచ్చే మహాదేవి అనే అమ్మాయి లేచి, "సార్, నడుమ ఉండేవి గుట్ట కిందికి వస్తాయా, రావా?" అని అడిగింది.

"మీ ఇంట్లో ఎవరెవరుండారు?"

"అవ్వ, నేను ఉండాం సార్. అమ్మానాన్న సుగ్గికి పోయినారు, వేరే ఊళ్ళకు కూలి పనికి."

"అవ్వకు ఎన్నేండ్లు?"

"డెబ్భై ఉంటాయి."

"నీకు ఇరవై. రెండూ కలిపి సగం చేస్తే నలభై అయిదు. ఇంట్లో నలభై అయిదేండ్ల మనిషి ఉండాదా ఇప్పుడు?"

"లేదు సార్."

"లెక్క తప్పిందా?"

ఆ అమ్మాయి ఆలోచించింది. "లెక్క తప్పలేదు. మనిషే లేదు."

"అది చూసుకోవల్ల. అంకె వచ్చినంత మాత్రాన మనిషి ఉన్నట్టు కాదు. గింజను చూడకుండా గుట్టను నమ్మొద్దండి." బోర్డు మీద ఆరు అంకెలు రాసి వాటి చుట్టూ గీత గీశారు. "ఈ ఆరు తీసేసి ఒకాయన నడుమ గుట్ట లేపినాడు. తీసేసి మీరు కూడా ఒకసారి గీయండి."

గీసినవాళ్ళు ఒకరి కాగితం ఒకరు చూసుకున్నారు. ముందు బెంచీలోంచి ఒక అబ్బాయి, "ఎవరు సార్ ఆయన?" అన్నాడు.

"నేనే."

మహాదేవి ఇంకా నిలబడే ఉంది. "ఎన్నేండ్లు అట్లనే ఉండె సార్?" అని అడిగింది.

"తొమ్మిదేండ్లు," అన్నారు సారు. ఆమెను కూర్చోమని చెయ్యి చూపించి, గుడ్డతో బోర్డు తుడిచి, రెండో లెక్క రాయడం మొదలుపెట్టారు.